ఆటపెట్టె పలుపు

సైరాకన్ ముసలమ్మ తెల్లవారి నమాజు ముగించి చాప మడిచే వేళకు, మనవరాలు బురులై తూర్పు కిటికీ దగ్గర నిలబడి ఉండేది. కిటికీ గట్టు మీద ఒక పాత పాఠ్యపుస్తకమో, ఆటల డిస్కు డబ్బానో పెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, కొండ మీంచి ఎండ దిగేదాకా ఓపిగ్గా ఆగి, అప్పుడు ఫోనులో ఫోటో తీసేది. తీసేది కూడా ముందు అట్ట కాదు. చిరిగిన పుట, సిరా మరక, డిస్కు మీద గీత పడ్డ చోటు. అట్ట ఆఖర్న.

"గుర్రాన్ని సంతకు తోలుకెళ్ళినవాడు కుంటి కాలు ముందు చూపిస్తాడటే పిచ్చిదానా!" అనేది ముసలమ్మ.

"సంతలో అయితే కొనేవాడు తడిమి చూసుకుంటాడు చోంగపా. ఫోనులో కొనేవాడు తడమలేడుగా. వాడి చెయ్యి కూడా నేనే అవ్వాలి."

నానమ్మలను చోంగపా అనే పిలుస్తారు వాళ్ళ ఇళ్ళల్లో. ఆ మాట విని ముసలమ్మ, ఇది దేవుడు మెచ్చే బేరమే అనుకుని, టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టడానికి లేచేది.

బురులై తల్లిదండ్రులు వేసవంతా కొండ మీది మేత బీళ్ళలో గొర్రెలతో ఉంటారు. అత్-బాషి ఊళ్ళో, ఇంట్లో మిగిలింది ముసలమ్మ, బురులై, ఆమె అన్న కుబాత్. రాజధాని బిష్కెక్‌లో మంత్రసాని చదువుకు బురులైకి సీటు వచ్చింది. మొదటి వాయిదా మాత్రం ఆగస్టు దాటకుండా కట్టాలి, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. గొర్రెలు అమ్మితే చలికాలం గడవదని తండ్రి తల దించుకున్నాడు. వచ్చే ఏడు చూద్దాంలే తల్లీ అన్నాడు. బురులై ఏడవలేదు, అలగలేదు. అటక మీంచి తన పుస్తకాల మూట దించింది.

మొదట తన పుస్తకాలే అమ్మింది. తర్వాత వీధిలో వాళ్ళు తమ పుస్తకాలూ, ఆటల డిస్కులూ తెచ్చిపెట్టారు. పక్క ఊరి పిల్ల ఒకతె రసాయనశాస్త్రం పుస్తకం కోసం ఫోనులో బేరమాడి బేరమాడి సిగ్గుపడి ఆగిపోతే, ఇంకాస్త తగ్గించి ఇచ్చింది. ఇచ్చేముందు కూర్చుని అంచుల్లో తాను పెన్సిలుతో రాసుకున్నవన్నీ రబ్బరుతో చెరిపింది. "నీ చదువు నీది. నా తప్పులు కూడా నువ్వెందుకు మొయ్యాలి?" అందట. ఏ పొట్లంలోనైనా గుప్పెడు ఎండు ఆప్రికాట్లు పడవలసిందే. ఉత్త చేత్తో ఏదీ గడప దాటకూడదని ఆమె పట్టు.

చెల్లెలు ఇంత పాటుపడుతుంటే కుబాత్ చూస్తూ ఊరుకోలేకపోయాడు. అతను బిష్కెక్‌కు మనుషుల్ని చేరవేసే బండి నడుపుతాడు, చెల్లెలి పొట్లాలూ అతని బండిలోనే వెళ్ళేవి. ఒకరోజు తన ఆటపెట్టెను, టీవీకి తగిలించి ఆడుకునేదాన్ని, డిస్కులతో సహా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"వద్దు బైకే. అది నీ ప్రాణం," అంది బురులై. అన్నను బైకే అనే పిలుస్తుంది ఆమె.

"నా ప్రాణం అంత చవకటే? పట్టుకెళ్ళు. రేపు నాకు పెళ్ళై పిల్లలు పుడితే డబ్బు తీసుకోకుండా పురుడు పొయ్యి, చాలు."

"ముందు నిన్ను చేసుకునే పిల్ల దొరకాలిగా!"

ముసలమ్మ పక్కనుండి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆటపెట్టెను కనుమ అవతల కొచ్కోర్ ఊళ్ళో ఇషెన్ అనే భూగోళం మాస్టారు కొన్నాడు, కూతురి పుట్టినరోజుకు. అది చేరిన మర్నాడే బురులై ప్రకటనల కింద, అందరూ చదివే చోట, ఆయన రాసిన మాటలు కనబడ్డాయి. "ఈ అమ్మాయి ఫోటోల్లో గీతలు చూపిస్తుంది, పెట్టెలోంచి కరెంటు తీగ కాజేస్తుంది. కొనేవాళ్ళు జాగ్రత్త." ఇంటికొచ్చిన చుట్టాల ముందు చిన్నబోయానని, డబ్బు వెనక్కి పంపమని కూడా రాశాడు. సాయంత్రానికల్లా పుస్తకాలు కొంటామని మాట ఇచ్చిన వాళ్ళు ఒక్కొక్కరే వద్దనేశారు. వాయిదా గడువేమో ముంచుకొస్తోంది.

"తీగ చుట్టి నా చేత్తో నేనే పెట్టాను బైకే, ఒట్టు!" అంది బురులై.

కుబాత్ బండి సీట్లన్నీ ఎత్తి వెతికాడు. ముసలమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఏం వెతుకుతున్నార్రా?"

"నల్ల తీగ చోంగపా. ఆటపెట్టెది."

"ఓ, దాని పలుపా! నా పెట్టెలో భద్రంగా ఉంది."

అన్నాచెల్లెళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ముసలమ్మ గర్వంగానే చెప్పుకొచ్చింది. పశువును అమ్మినప్పుడు పలుపు ఇచ్చేస్తే ఇంటి కలిమి దాని వెంట పోతుంది. అందుకే మనవరాలు అటు తిరిగి ఫోనులో మాట్లాడుతున్నప్పుడు పెట్టె విప్పింది, తాడులాంటిది ఒక్కటే కనబడింది, తీసి తన తెల్ల తలగుడ్డల మధ్య దాచింది. పుస్తకాలు అమ్ముడుపోయినప్పుడూ వాటికి తొడిగిన కాగితం అట్టలు తీసి దాచింది, అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు.

కుబాత్‌కు నవ్వు ఆగలేదు. బురులై అతని కాలు తొక్కింది. తర్వాత నెమ్మదిగా, తీగ లేకపోతే పెట్టె మూగదైపోతుందని, కొన్నాయన ఇంటికి వచ్చిన చుట్టాల ముందు చిన్నబోయాడని, తీగ తనే కాజేసిందని రాశాడని చెప్పింది. వింటూనే ముసలమ్మ పెట్టె తెరిచి, తలగుడ్డల మధ్య నుంచి తీగ బయటికి తీసింది.

"నిన్ను దొంగ అన్నారటే?"

"ఏదో కోపంలో అన్నార్లే చోంగపా. బైకే తీగ పట్టుకెళ్ళి ఇచ్చేస్తాడు."

"వాడెందుకు? తప్పు నాది, నా నోటితో నేనే చెప్పుకుంటా. ఇంత వయసులో ఒకరి ఉసురు నెత్తిన పెట్టుకుని నమాజుకు ఎలా నిలబడతాను?"

మర్నాడు ముగ్గురూ బయల్దేరారు. కనుమ దాటుతున్నంతసేపూ ముసలమ్మ తీగను ఒళ్ళో పెట్టుకుని పెదవులు కదుపుతూనే ఉంది. ఇషెన్ మాస్టారు గేటు దగ్గరికి ముడుచుకున్న మొహంతో వచ్చాడు. ముసలమ్మ రెండు అరచేతుల మీద తీగ పెట్టి ముందుకు చాపింది.

"నాయనా, దొంగను నేను. పిల్లది కాదు."

"అదేమిటి అపా..." అన్నాడు మాస్టారు, అమ్మ వరస కలిపి.

"పశువును అమ్మినవాళ్ళు పలుపు ఇస్తారా చెప్పు? దీనికి మెడలో ఒకటే తాడుంది. విప్పి దాచుకున్నా."

మాస్టారు తీగ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆయన భుజాలు కదిలాయి. గేటు పట్టుకుని కడుపుబ్బా నవ్వాడు.

"నిరుడు మేం ఆవును అమ్మినప్పుడు మా అమ్మా ఇంతే. కొన్నవాడు పలుపు అడిగాడని నాలుగు చివాట్లు పెట్టి పంపింది. పలుపు తెచ్చుకోవలసింది కొనేవాడే. తప్పు నాదే అపా, లోపలికి రండి!"

లోపల మాస్టారి భార్య నూనెలో వేయించిన వేడి బోర్సోక్ రొట్టెలు, మీగడ పెట్టి టీ పోసింది. కూతురు తీగ తగిలించగానే తెర మీద బొమ్మలు పరుగెత్తాయి. కుబాత్ ఆ పిల్ల పక్కన చతికిలబడి మీటలు ఎలా నొక్కాలో చూపించాడు. కాసేపు తన పెట్టె అని మరిచిపోయాడో, గుర్తుండే చూపించాడో గాని, ముసలమ్మ మాత్రం వాడి వీపు నిమిరింది.

మాస్టారు వాళ్ళ ఎదుటే ఫోను తీసి పాత మాటలు చెరిపేశాడు. "చాలదు," అన్నాడు. "జరిగిందంతా రాస్తాను. పలుపు కథ, అపా చెప్పినట్టే. దేశమంతా నవ్వుకుంటుంది. రేపటికి నీ దగ్గర ఒక్క పుస్తకం మిగిలితే నన్నడుగు అమ్మాయీ."

చేతులు కడుక్కోవడానికి వసారాలోకి వెళ్ళిన ముసలమ్మకు ఆ మాట వినబడింది. చెంబు పట్టుకుని అక్కడే ఆగిపోయింది. నిజమే, కథ రాస్తే పుస్తకాలు అమ్ముడుపోతాయి, పిల్ల సీటు నిలుస్తుంది. రాసుకోనీ అనుకుంది. నలుగురూ నవ్వితే తనకు వచ్చే నష్టమేముంది!

లోపల బురులై, బళ్ళో మాస్టార్లను పిలిచినట్టే అగాయ్ అని పిలిచి, గొంతు తగ్గించింది.

"అగాయ్, మీకు పుణ్యముంటుంది, ఒక్క సాయం చెయ్యండి. తీగ అందిందని మాత్రం రాయండి. ఆలస్యం బురులై వల్ల అయిందని రాయండి. మూత బిగించేముందు మరోసారి చూడనిదాన్ని నేనే, అది అబద్ధం కాదు. చోంగపా సంగతి మాత్రం వద్దు. మా ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డకూ ఆవిడే చేతులు చాచి దీవెన పెడుతుంది. ఆ చేతుల్ని చూసి ఎవరూ నవ్వకూడదు అగాయ్."