అంతా మామూలే

సామేలు ఫోను చేస్తే మొదటి మాటా చివరి మాటా ఒకటే: "అంతా మామూలే." మిలటరీలో డ్రైవరుగా సరిహద్దు నుంచి చేసినా, శాంతిసేనతో ఆఫ్రికా పోయి అక్కడి నుంచి వాయిస్ మెసేజ్ పెట్టినా, ఇప్పుడు యూనివర్సిటీ సెమినార్ హాలు దగ్గర సెక్యూరిటీ డ్యూటీలో ఉండి తార్నాకలోని ఇంటికి చేసినా అంతే. "ఇంకో ముక్క చెప్తే నోట్లకెళ్లి ముత్యాలు రాలుతయా?" అని భార్య బాలలక్ష్మి విసుక్కునేది. ఏం చెప్తాడు పాపం! బండి నడిపాడు, తిన్నాడు, పడుకున్నాడు. అదంతా ఆ ఒక్క మాటలోనే వచ్చేది.

ఆ రోజు మాత్రం పెందలాడే లేచి, యూనిఫారం తనే ఇస్త్రీ చేసుకుని, బూట్లు తళతళలాడేదాకా రుద్దాడు.

"పరశురాం అన్న వస్తుండు గదా. ఇయ్యాల అడిగేస్త," అన్నాడు.

"ఇన్ని దినాల నుంచి ఫోనే ఎత్తుతలేడు. ఇప్పుడు మాటిస్తడా?" అంది బాలలక్ష్మి.

"పెద్దమనిషైండు, తీరిక లేక ఎత్తలేదు. నా ముఖం జూస్తె కాదనడు."

ఈ పరశురాం ఎవరంటే, సామేలు పక్క ఊరివాడే, అదే పటాలం. ఆఫ్రికా క్యాంపులో తెలుగు వచ్చినవాళ్లు వాళ్లిద్దరే. జనరేటర్లకు డీజిల్ ట్యాంకరు నడిపేది సామేలు, దానికి డీజిల్ కొలిచి ఇచ్చే స్టోరు గుమాస్తా పరశురాం. ఒకనాడు డీజిల్ తరుగు బయటపడి విచారణ మొదలైంది. సామేలు ఫోను తీసుకున్నారు. అందులోని తెలుగు మాటలు ఆఫీసర్లకు అర్థం కాక, చెప్పడానికి పరశురాంను గదిలోకి పిలిచారు.

"నువ్వు బయటనే ఉండు తమ్మీ, నోరు మెదపకు. వాళ్లకు ఎట్ల జెప్పాల్నో నేను జెప్త," అన్నాడు పరశురాం.

సామేలు నోరు మెదపలేదు. నౌకరీ పోయింది, పింఛను పోయింది, దొంగ అన్న పేరు మాత్రం వెంట వచ్చింది. "నేను అడ్డం పడకుంటె జైలే" అని పరశురాం అంటే, ఈ పిచ్చి మారాజు ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాడు కూడా! ఆదివారం చర్చిలో ఇంటివాళ్ల తర్వాత ఇన్నేళ్లూ ఆయన కోసమే ప్రార్థన.

ఇప్పుడు ఆ మచ్చ చెరిపేసుకోవాలని, కేసు మళ్లీ చూడమని అర్జీ పెట్టుకున్నాడు. విద్యానగర్ వకీలు ఒకటే చెప్పాడు. ఆనాడు ఆ గదిలో ఉన్నవాళ్లలో ఒక్కరైనా నీ తరఫున సాక్ష్యం చెప్పాలన్నాడు. ఇంకెవరున్నారు, అన్న ఉన్నాడు కదా అనుకున్నాడు సామేలు.

హాలు ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. విదేశాలకు వెళ్లే సైన్యంలో అవినీతిని ఎట్లా అరికట్టాలో చెప్పే సదస్సు అది. పరశురాం రిటైరయ్యాక ఢిల్లీలో ఏదో సంస్థలో చేరి ఈ సంగతులే బోధిస్తున్నాడట. సామేలు కూతురు కరుణ అక్కడే ఎం.ఏ. చదువుతోంది. "మీ పెదనాయిన మాట్లాడుతడు, పోయి ముందట కూసో" అని తండ్రే లోపలికి పంపాడు. తను తలుపు దగ్గర నిలబడ్డాడు.

పరశురాం ఇంగ్లీషు దంచేస్తున్నాడు. పరాయి దేశంలో మన మీద కన్నేసి ఉంచేవాళ్లుండరు, అందరికంటే ముందు డీజిలే మాయమవుతుంది అన్నాడు. తెలుగువాళ్ల మధ్య ఉన్నాడేమో, హుషారెక్కి తెలుగులోనే ఒక కథ అందుకున్నాడు.

"మా క్యాంపులో ఒక డ్రైవరు. భార్యకు మెసేజ్ పెట్టాడు, 'డీజిల్ దించిన, అంతా మామూలే' అని. మా ఆఫీసర్లకు తెలుగు రాదు. మామూలంటే ఏమిటో మీకు నేను చెప్పాలా?"

హాలంతా గొల్లుమంది.

"లంచం అని నేనే అర్థం చెప్పాను. కేసు అక్కడితో తేలిపోయింది."

చప్పట్లు మోగాయి. కరుణ కొట్టలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లో వింటున్న మాట అది. గిర్రున తిరిగి తలుపు వైపు చూసింది.

సామేలుకు ఆ క్యాంపు కళ్ల ముందు మెదిలింది. స్టోరు వెనక ఊరి వ్యాపారి డబ్బాల్లో డీజిల్ నింపుకోవడం ఆనాడు కళ్లారా చూశాడు. పక్కనే అన్న ఉన్నాడు గనక అంతా సరిగ్గానే ఉందనుకున్నాడు. ఛీ, ఏం మనిషి! మామూలు తిన్నవాడు మైకు ముందు నీతులు చెప్తున్నాడు, మామూలే అన్నవాడు తలుపు కాస్తున్నాడు. ఏ పగవాడో చేసి ఉంటే ఇంత మండేది కాదు. తోడబుట్టినవాడి కంటే ఎక్కువ అనుకున్నవాడు చేశాడు.

శాలువా కప్పించుకుని బయటికొచ్చిన పరశురాం అతన్ని చూసి ఆగిపోయాడు.

"సామేలూ! నువ్వు గీడనా? ఎట్లున్నవ్ తమ్మీ?"

"మామూలే అన్న."

పరశురాం ముఖం పాలిపోయింది.

"గిప్పుడు చెప్పు. గీ మాటకు అర్థమేంది? సార్లందరు గీడనే ఉన్నరు, చెప్పు."

వెనక వస్తున్న ప్రొఫెసర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అప్పటి పరిస్థితి వేరే తమ్మీ..." అని గొణుగుతూ పరశురాం అతని భుజం మీద చెయ్యి వేయబోయాడు. సామేలు వెనక్కి జరిగాడు. ఇక ఆయన నిలబడలేదు, కారెక్కి వెళ్లిపోయాడు.

కరుణ వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. అంతలో బాలలక్ష్మి ఫోను.

"ఏమయ్యా, అన్నను కలిసినవా? ఏమంటుండు? సాక్ష్యం చెప్తనన్నడా?"

అలవాటైన మాట నోటిదాకా వచ్చింది. సామేలు దాన్ని మింగేశాడు.

"చెప్పిండు లచ్చిమీ," అన్నాడు. "ఆనాడే చెప్పిండు."