ఎనిమిది మందికి ఒకే చోట ప్లాస్టర్

2004 ఎండాకాలంలో నన్ను జుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుగా భద్రాచలం అడవుల అంచున ఉన్న ఒక చిన్న కోర్టుకు బదిలీ చేశారు. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. సారపాక నుంచి బస్సులో గంట పైనే పట్టేది, దారి పొడవునా ఎదురుగా కాగితం మిల్లుకు పోయే వెదురు లారీలు. కిరాయికి దొరికిన ఇల్లు పై అంతస్తులో ఉంది. సామాను దింపిన రోజు నాకు బాగా గుర్తు. నా పెళ్లినాటి ఇనప బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుని అరగంట కదల్లేదు. హమాలీలది ఒక మాట, నాది ఒక మాట. చివరికి దాన్ని అడ్డం తిప్పించి పైకెక్కించాం. ఎడమ తలుపు మీద ఆ రోజు పడ్డ సొట్ట ఎక్కడుందో ఇప్పటికీ కళ్లు మూసుకుని చూపించగలను. నా జ్ఞాపకశక్తి అంటే నాకు అప్పట్లో మహా గర్వం. కేసు నంబరు చెబితే చాలు, రెండు పక్షాల పేర్లూ అప్పజెప్పేదాన్ని. నా వెనకాల మా బెంచి క్లర్కు నన్ను 'నడిచే రిజిస్టరు' అనేవాడట. అది మెచ్చుకోలే అనుకుని మురిసిపోయాను.

ఆ ఏడు దసరాకు ముందు పొరుగు కోర్టు మేజిస్ట్రేటు సెలవు మీద వెళ్తే ఇన్‌ఛార్జి నాకు అప్పగించారు. ఆ వారమే ఒక గొలుసు దొంగతనం కేసు వచ్చింది. వేంసూరు నుంచి చుట్టాలింటికి వచ్చిన ఆదెమ్మ అనే రైతు ఇల్లాలు వారపు సంతలో వంకాయలు ఏరుతుండగా ఎవడో మెడలో గొలుసు తెంపుకుని పరుగెత్తాడు. పొడుగు, నలుపు, గుబురు మీసం అని ఆమె ఫిర్యాదులో చెప్పింది. ఆ పోలికలు ఆ మండలంలో సగం మంది మగవాళ్లకు సరిపోతాయి. పోలీసులు వెంకన్న అనే ముప్పై ఏళ్ల కూలీని పట్టుకొచ్చారు. అతను ఆ రోజు సంతలో ఉన్నాడు, పొడుగ్గా నల్లగా ఉన్నాడు, మీసం ఉంది. గొలుసు మాత్రం అతని దగ్గర దొరకలేదు.

సాక్షి గుర్తుపట్టాల్సిన కేసుల్లో అనుమానితుణ్ని మొహానికి గుడ్డ కప్పి కోర్టుకు తెస్తారు. ఆ గుడ్డ తీయించి, పోలీసులు కొట్టారా అని అడగడం మేజిస్ట్రేటు విధి. అడిగాను. లేదన్నాడు. అని, నా వైపు చూసి నోరంతా తెరిచి నవ్వాడు. ఎడమ కనుబొమ్మ మీద పాత గాటు ఉంది. ఆ క్షణంలో నాకు ఠక్కున వెలిగింది. ఈ మొహం నాకు తెలుసు! ఇంతకుముందు ఏదో కేసులో నా ముందు నిలబడ్డవాడే. లేకపోతే మేజిస్ట్రేటును చూసి నవ్వేంత ధైర్యం ఎక్కడిది? పాత దొంగే, అనుమానం లేదు అనుకున్నాను.

రిమాండ్ రాశాను. రెండు రోజులకు బెయిలు అర్జీ వస్తే కొట్టేశాను. ఉత్తర్వులో దర్యాప్తు పెండింగులో ఉందని రాశాను గానీ, నా మనసులో ఉన్నది ఆ నవ్వూ ఆ గాటూనే. వీడి పాత కేసు తీయమని బెంచి క్లర్కుకు చెబితే, పాపం రెండు రోజులు బీరువాలన్నీ దులిపి, వెంకన్న పేరు ఎక్కడా లేదన్నాడు. రికార్డులు సరిగా పెట్టడం చేతకాదని అతన్నే కసిరాను. నా జ్ఞాపకానికి రికార్డుల్లో ఆధారం లేకపోతే తప్పు రికార్డులదే అనుకునే స్థితిలో ఉన్నాను అప్పుడు.

గుర్తింపు పెరేడ్ రిమాండైన పన్నెండో రోజున, సబ్ జైలు ఆవరణలో. మామూలుగా కేసు చూడని మేజిస్ట్రేటు జరపాలి గానీ, పొరుగు మేజిస్ట్రేటు సెలవులో ఉండటంతో అదీ నా మీదే పడింది. దీని పద్ధతి చెప్పాలి. అనుమానితుణ్ని అతని వయసు, ఎత్తు, పోలికలున్న మరి కొందరితో కలిపి వరుసలో నిలబెడతారు. ఆ కొందరిని పోలీసులు తేకూడదు, మేజిస్ట్రేటే ఎంచుకోవాలి. పోలీసులు ఆవరణలోనే ఉండకూడదు. వరుసలో ఎక్కడ నిలబడాలో అనుమానితుడి ఇష్టం. సాక్షి వచ్చి, వరుసంతా చూసి, గుర్తుపట్టిన మనిషిని చేత్తో తాకాలి. జరిగిందంతా మేజిస్ట్రేటు తన చేత్తో రాయాలి.

ఏడుగురు మీసాలవాళ్లను వెతికి తెమ్మని మా అటెండర్ యాకూబ్‌ను బజారుకు పంపాను. సర్వీసు పూర్తికావచ్చిన మనిషి, ఊళ్లో అతనికి తెలియనివాడు లేడు. గంట తర్వాత చెమటలు కక్కుతూ ఇద్దరితో తిరిగొచ్చాడు.

"జైలు అనంగనే బజారంత ఖాళీ అయితాంది మేడం. పొడుగున్నోడు గూడ వంగి నడుస్తుండు. మీసాలోళ్లు మంగలి షాపుకాడ లైన్ కట్టిండ్రు" అన్నాడు.

అతిశయోక్తి అని తెలుసు, అయినా నవ్వు ఆపుకోవడం కష్టమైంది. మళ్లీ పంపాను. ఈసారి చాయ్ ఆశ చూపించి మిగతా ఐదుగురిని తెచ్చాడు. చివరివాడు సబ్ జైలుకు ఎదురుగా ఉన్న హోటల్లో దోసె మాస్టర్ రాములు. పెనం మీది దోసె దించే టైం కూడా ఇవ్వలేదని గొణుగుతూ వచ్చాడు. వరుసలో నిలబడగానే అడిగాడు:

"మేడం, ఆ అమ్మ నన్ను పట్టుకుంటె నన్నే లోపలేస్తరా ఏంది?"

అలా జరగదని ధైర్యం చెప్పాను. మిగతా ఆరుగురూ ఆ మాట నన్ను ఇంకోసారి చెప్పమన్నారు.

ఇక వెంకన్న గాటు. ఒక్కడికే గాటుంటే సాక్షి చూపు అక్కడే ఆగుతుంది. అందుకని అలాంటి గుర్తును కప్పేసి, మిగతావాళ్లకూ అక్కడే కప్పాలి. మెడికల్ షాపు నుంచి ప్లాస్టర్ తెప్పించి ఎనిమిది మందికీ ఎడమ కనుబొమ్మ మీద అంటించాను. రాములుకు చెమటకు ఊడిపోతుంటే రెండుసార్లు అంటించాల్సి వచ్చింది. చోటు ఎంచుకోమంటే వెంకన్న చివరి నుంచి రెండో చోట నిలబడి, "ఈడ నీడున్నది మేడం" అన్నాడు. రాములు ఐదోవాడు.

ఆదెమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. సరిగ్గా చూసి చెప్పమని నేను అంటుండగానే అడ్డుకుంది. "ఆడు నా కళ్లల్లోనే ఉన్నాడు తల్లీ. చీకట్లో చూపించినా పట్టేస్తా" అంది. వరుస చూసి ఒక్క క్షణం ఆగింది. "ఏందమ్మా, వీళ్లందరికీ ఒక్క చోటే దెబ్బ తాకిందా?"

సమాధానం చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. ఆమె మొదటివాడి నుంచి మెల్లగా నడిచింది. ఐదోవాడి ముందు ఆగింది. కళ్లు చిన్నవి చేసింది. మరుక్షణం రాములు చొక్కా కాలరు ఆమె గుప్పిట్లో ఉంది.

"వీడే! దొంగసచ్చినోడా, నా గొలుసేదిరా?"

రాములు గొంతు కీచుమంది. "అయ్యో పెద్దమ్మా! పొద్దుగాల నీకు ఇడ్లీ పెట్టింది నేనే గదా! రెండోపాలి చట్నీ ఏసింది గూడ నేనే!"

ఆదెమ్మ కాలరు వదల్లేదు గానీ పట్టు సడలింది. తొలి బస్సులో వచ్చి, ఆకలేసి, ఎదురుగా ఉన్న హోటల్లో టిఫిన్ చేసి, ఆపైనే సాక్షుల గదిలో కూర్చుంది. ఆ మొహం ఆమెకు నిజంగానే తెలుసు. ఎక్కడ చూసిందన్నదే తారుమారైంది. ఆ హోటలు మనిషిని వరుసలో పెట్టిన తప్పు మాత్రం పూర్తిగా నాది. సాక్షి ఆ పొద్దున ఎక్కడెక్కడ తిరిగిందో అడగాలన్న ఆలోచనే రాలేదు నాకు.

"ఇంకొక్కసారి తిప్పు తల్లీ, ఈసారి కరెక్టుగా పట్టేస్తా" అని ఆమె బతిమాలింది. కుదరదన్నాను. పెదవి కొరుక్కుంటూ రాశాను: 'సాక్షి వరుసలో ఐదవ వ్యక్తిని తాకి చూపినది. ఐదవ వ్యక్తి అనుమానితుడు కాడు.' రాములు ప్లాస్టర్ పీకి పారేసి, చాయ్ కూడా తాగకుండా దోసెల దగ్గరికి పరుగెత్తాడు.

పెరేడ్ అయ్యాక అనుమానితుణ్ని అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని అడిగి నమోదు చేయాలి. వెంకన్నను అడిగాను. ఏమీ లేవన్నాడు. కాసేపు కాళ్లు మార్చి నిలబడి, "మేడం, నన్ను ఇంక గుర్తువట్టలేదా?" అన్నాడు.

అదిగో, ఒప్పుకుంటున్నాడు అనుకున్నాను. ఏ కేసులో వచ్చావని అడిగాను.

"కేసేంది మేడం! మీ బీరువ పైకెక్కించింది నేనే. మెట్లకాడ ఇరికితె అడ్డం తిప్పుమని మీరే అంటిరి. దాని తలుపు ఊడి నా మొహం మీద పడ్డది. గీ గాటు గదే. మీరే నెత్తురు తుడిచి ప్లాస్టర్ ఏసి, మజ్జిగ ఇచ్చిండ్రు."

బీరువా సొట్ట గుర్తుంది. అరగంట గొడవ గుర్తుంది. నెత్తురు కారిన మనిషి గుర్తు లేడు. మిగిలింది మొహం ఒక్కటే. దానికి చోటు కావాల్సి వచ్చి, నా వృత్తికి తెలిసిన చోటు, బోను, నేనే తగిలించేశాను. మరి కోర్టులో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నవ్విన గదా మేడం. మీరు మొహం తిప్పుకున్నరు. కోర్టుల సుట్టరికం కలుపుడు బాగుండదేమోనని ఊకున్న" అన్నాడు.

నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆ సిగ్గులో ఒక పని మాత్రం సరిగ్గా చేశాను. అతను చెప్పినదంతా, బీరువాతో మజ్జిగతో సహా, ప్రొసీడింగ్స్‌లో రాసి, ఇతను నాకు ముందే తెలుసునన్న సంగతి కింద చేర్చి సంతకం చేశాను. ఆ మధ్యాహ్నమే బెయిలు అర్జీ మళ్లీ వచ్చింది, మంజూరు చేశాను. ఆ కాగితాలు జిల్లాకు వెళ్లాక నాకు 'బీరువా మేజిస్ట్రేట్' అన్న పేరు స్థిరపడింది. ఖమ్మంలో మీటింగుకు వెళ్తే సీనియర్లు నా ఆరోగ్యం కంటే ముందు బీరువా ఆరోగ్యం అడిగేవారు.

కొన్ని నెలల తర్వాత గొలుసు వేరే దొంగతనంలో పట్టుబడ్డవాడి దగ్గర దొరికింది. వస్తువులకూ గుర్తింపు పద్ధతి ఉంది, అలాంటివే మరికొన్నిటితో కలిపి పెడతారు. ఆదెమ్మ బల్ల దగ్గరికి రావడమే ఆలస్యం, తన గొలుసు ఎత్తి చూపింది. "కొక్కెం వంకర. ఇరవై ఏళ్లు మెళ్లో ఏసుకున్నా, నాకు తెలవదా? ఆణ్ణి చూసింది రెప్పపాటేగా" అంది. నిజానికి మా శిక్షణ తరగతుల్లో సైకాలజీ లెక్చరర్లు ఒక పూటంతా చెప్పేది అదే.

దొరికినవాడు పొట్టి. మీసం జన్మలో పెంచలేదట. అది చూసి ఆదెమ్మ ఏమంటుందోనని ఎదురుచూశాను. అతన్ని పైనుంచి కిందికి చూసి, "అవ్, వీడే. నేను అప్పుడే పొట్టోడని చెప్పలా?" అంది. ఆమె అబద్ధమాడలేదు. అలాగే గుర్తుంది ఆమెకు.

వెంకన్న విడుదలైన వారం ఒక నోటుబుక్కు కొన్నాను. మధ్యలో గీత గీశాను. బోనులో మనిషిని చూసి 'ఈ మొహం తెలుసు' అనిపించిన ప్రతిసారీ ఎడమ వైపు పేరు రాసేదాన్ని. కుడి వైపు ఎక్కడ, ఎప్పుడు అన్నది రాయాలి. కుడి వైపు రాయలేకపోతే ఆ గుర్తుకు నా ఉత్తర్వులో చోటు ఇవ్వకూడదన్నది నియమం. రిటైరయ్యేదాకా పాటించాను. మొన్న ఆ పుస్తకం తీసి చూశాను. ఎడమ వైపు అన్ని పేజీలూ నిండాయి. కుడి వైపు రాసి ఉన్నది ఒక్కచోటే, మొదటి పేజీలో, వెంకన్న పేరు ఎదురుగా: 'మా ఇంటి మెట్ల మలుపు.'