రెండు పేస్టులు, ఒక మరిగే ఫ్లాస్కు

1974లో గోదావరిఖనిలోని బొగ్గు పరీక్షల ప్రయోగశాలలో జూనియర్ కెమిస్టుగా చేరాను. బొగ్గులో బూడిద శాతం, గనినీళ్లలో లవణాలు చూడడం మా పని. పళ్లపేస్టు పరీక్ష మాత్రం కార్మికుల స్టోరు కమిటీ తెచ్చిపెట్టింది.

స్టోరు గుమాస్తా ఖాజా, పేరున్న పేస్టు పక్కనే సగం ధర పేస్టు కూడా అమ్మేవాడు. రెండు పెట్టెల మీదా ఫ్లోరైడు అని ఉండేది. చవకదాంట్లో ఉన్నది ఉత్త సుద్దేనని, గనిలో షిఫ్టు అజమాయిషీ చూసే ఓవర్‌మన్ ఒకాయన స్టోరులోనే నిలదీశాడు.

"మా నోర్లేమన్న గోడలా, సున్నం పూస్తున్నవ్?"

"పరీక్ష చేయించున్రి అన్నా. మోసముంటే కొలువిడిచి నేనే పోత" అన్నాడు ఖాజా. కమిటీ ఆ మాటనే తీర్మానం చేసింది.

ధరను చూసి గుణాన్ని నమ్మడం మూఢనమ్మకమని చర్చాసభల్లో బల్ల గుద్దినవాణ్ని నేను. హుషారుగా దిగాను. పేస్టును ఆమ్లంతో మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టిన నీటిలో ఎర్రటి ద్రావణం కలపాలి. ఫ్లోరైడు ఎంత ఉంటే ఎరుపు అంతగా వెలిసి పసుపుకు తిరుగుతుంది. పేరున్నది బాగా పసుపెక్కింది. చవకది సగంలోనే ఆగింది. నా వాదం ఓడింది, ఖాజా కొలువూ పోయినట్టే. అయినా అంకె అంకే అనుకుని, రిపోర్టు రాసి సంతకానికి పెన్ను తీశాను.

ఫ్లాస్కులు కడుగుతున్న అటెండరు ఓదెలు నవ్వాడు.

"సార్, పండ్లు తోముకునేటోడు నోట్లె ఆసిడ్ పోసుకొని, కింద మంట పెట్టుకుంటడా?"

"అంటే?"

"నీళ్లతోటే తోముకుంటం గద. నీళ్లల్ల ఎంత దిగుతదో సూడున్రి."

పెన్ను మూశాను. పళ్లు తోముకునేంతసేపు పేస్టును నీళ్లలో గిలక్కొట్టి, వడపోసి, మళ్లీ చూశాను. రెండు గొట్టాలూ దాదాపు ఒకే ఎరుపులో నిలిచాయి. రెండింటిలోనూ సుద్దే ఎక్కువ. సుద్ద ఫ్లోరైడును పట్టేసుకుంటుంది. మరిగే ఆమ్లంలో వదులుతుంది, నోటి నీళ్లలో వదలదు.

రెండు ఫలితాలూ కమిటీకి చదివి వినిపించాను. ఖాజా కొలువు నిలిచింది. మర్నాడు ఓవర్‌మన్ స్టోరుకు వచ్చాడు.

"ఏదియ్యాలె అన్నా?" అన్నాడు ఖాజా, ముఖం నిండా నవ్వుతో.

"సున్నమే పూసుకునేదుంటే సగం ధరదే ఇయ్యి!"

కొలత ఎంత కచ్చితమైనా, అది ఏ ప్రశ్నకు జవాబో తేలకపోతే మనిషి కొలువు తీయడానికి తప్ప పనికిరాదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా ప్రతి రిపోర్టులోనూ ఫలితం కంటే ముందు ప్రశ్న రాశాను.