పాలు పడ్తలేవు

మా పాప ఆకలికి ఏడుస్తోందో, కడుపు నిండి ఏడుస్తోందో మూడో నెలలో నాకు బొత్తిగా తెలిసేది కాదు. పాలు ఇవ్వబోతే మొదట ఆవురావురుమని తాగేది. సగంలో చటుక్కున వదిలేసి, వెన్ను వెనక్కి విరుచుకుని, మొహం కందగడ్డలా చేసుకుని ఒకటే కేకలు. ఆకలి తీరలేదేమోనని మళ్ళీ అందిస్తే రెండు గుక్కలు మింగి మళ్ళీ అదే కేక. పడుకోబెడితే నోటి పక్క నుంచి పాలు కారేవి. ఎత్తుకుంటే కాస్త ఊరుకునేది. ఊరుకుంది కదా అని దింపితే మళ్ళీ మొదలు. దీనికి ఏం కావాలిరా భగవంతుడా అని తల పట్టుకునేదాన్ని.

రాజమండ్రిలో పురుడు పోసుకుని మేడ్చల్‌లో మా కాలనీ ఇంటికి వచ్చేటప్పుడు మా అమ్మ నాతోపాటు వచ్చింది. మా వారిది శామీర్‌పేట దగ్గరి పల్లె. మనవరాలు వచ్చిందని తెలియగానే అత్తమ్మ కూడా సంచీ సర్దుకుని వచ్చేసింది. అమ్మమ్మా నానమ్మా ఇద్దరూ ఇంట్లో ఉండగా నీకేం భయం అంటూ మా వారు నిశ్చింతగా కండ్లకోయలోని ఆఫీసుకు పోయేవారు. ఆ నిశ్చింత చూస్తే నాకు ఒళ్ళు మండేది.

"పాలు సరిగ్గా పడట్లేదేమోనే అమ్మాయ్" అంది మా అమ్మ. మా వైపు పాలు పడటమంటే తల్లికి పాలు ఊరడం. పురిటి మంచం దగ్గరికి వచ్చినవాళ్ళు ఎవరైనా అడిగే మొదటి మాట "పాలు పడ్డాయా?" అనే. అందుకని అమ్మ నాకు పూటపూటా వెల్లుల్లి కారం పెట్టింది. బాలింతలకు పాలు పెంచే పాలసొర చేప దొరికితే పిట్టు చేస్తానంది. మేడ్చల్‌లో పాలసొర ఎవరిస్తారు? మా వారు మచ్చ బొల్లారం దాకా తిరిగి ఏదో చేప పట్టుకొచ్చి "ఇదేనట" అన్నారు. అది సొర కానే కాదని అమ్మ చూడగానే చెప్పింది. అయినా పిట్టు చేసింది, నేనూ తిన్నాను.

అత్తమ్మ అన్నీ చూస్తూ ఊరికే కూర్చునేది. ఒక మధ్యాహ్నం పిల్లను నా ఒళ్ళోంచి తీసుకుని, కొంగుతో దాని గడ్డం తుడిచి, మెల్లగా అంది.

"పిల్లకు పాలు పడ్తలేవు బిడ్డా."

అంతే అంది. నా మనసు చివుక్కుమంది. కన్నతల్లి అంటే సరే, ఈవిడ కూడానా? కన్నపిల్ల కడుపు నింపలేనిదాన్నని ఇంట్లో ఇద్దరూ తేల్చేశారన్నమాట. నాకసలే పంతం ఎక్కువ. పడట్లేదా, చూద్దాం అనుకుని, పిల్ల కిక్కురుమంటే చాలు పాలు పట్టడం మొదలుపెట్టాను. తాగించేకొద్దీ కక్కేది. ఒకసారి ముక్కులోంచి కూడా వచ్చాయి. ఉక్కిరిబిక్కిరై అది నా మొహంలోకి చూసింది.

నా వల్ల కాదనుకున్నాను. పాలపొడి డబ్బా తెమ్మని మా వారికి ఫోన్ చేశాను.

"ఇప్పుడు డబ్బా ఎందుకు?"

"మీ అమ్మగారిని అడగండి" అని పెట్టేశాను.

ఆ డబ్బా మూత తీశాక ఇక నా పాలు ఇవ్వను, ఆపేస్తాను అని గట్టిగానే అనుకున్నాను. అనుకున్నాను గానీ, ఆ సాయంత్రం మా వారు డబ్బా తెచ్చి బల్ల మీద పెడితే దాని వైపు చూడటానికే చేత కాలేదు.

అత్తమ్మ చూసింది. "గీ డబ్బ ఎందుకు తెచ్చినవ్‌రా?"

"మీరే కదా అత్తమ్మా, పాలు పడట్లేదన్నారు!" అని నేను ఇంతెత్తున లేచాను. "లేని పాలు నేనెక్కడి నుంచి తేను?"

అత్తమ్మ డబ్బాను పక్కకు జరిపింది. "ఓ నా తల్లీ! నీకు పాలు లేవని నేనెప్పుడన్న? మస్తుగున్నయ్. పిల్లకు పడ్తలేవంటి. నాకు వంకాయ పడది, నోరు దురద పెడ్తదంటవ్ సూడు, గట్ల. కడుపుల నిలుస్తలేవు, జర తక్కువ తాపుతవని నేననుకుంటే, నువ్వు ఇంకింత తాపవడ్తివి. నేను పరేషానయి సూస్తాన్న."

వెల్లుల్లి పాయ చేతిలో పట్టుకుని మా అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "అయ్యో రామా, పాలు పడాలని నేను పిట్టు కూడా పెట్టానే!"

"గదే వదినె. మీరు పాలు పెంచవడ్తిరి, పిల్లేమో కక్కవట్టె. చిన్నగున్నప్పుడు వీడు గూడ గిట్లనే కక్కెటోడు" అని అత్తమ్మ కొడుకు వైపు చూపించింది. మా వారు నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నారు.

నాకు నవ్వు రాలేదు. ఇదింకా అయోమయం. పాలు లేకపోతే అదొక బాధ. ఉన్న పాలు సొంత పిల్లకే పడకపోతే ఆ తల్లి ఏం చేయాలి? పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. అదీ నాతోపాటు ఏడ్చింది.

మర్నాడు పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ పాపను తూచి, బరువు బాగానే పెరుగుతోందంది. కక్కినవి ఆకుపచ్చగా ఉన్నాయా, రక్తం కనిపించిందా అని అడిగింది. లేదన్నాను. ఇంట్లో అమ్మ అన్న మాటా, అత్తమ్మ అన్న మాటా చెప్పాను. తన ముందే పాలివ్వమంది. పిల్ల వెన్ను విరుచుకోగానే "ఆపండి, ఇక నిలువుగా ఎత్తుకోండి" అంది.

"పాలు లేక కాదు, పడకా కాదమ్మా. తాగినవి పైకి ఎగదన్నుతున్నాయి. ఈ వయసులో కడుపు పైన మూత ఇంకా వదులుగా ఉంటుంది. పుల్లటి పాలు గొంతులోకి వస్తే మంట. ఆకలైన పిల్ల నోరు తెరిచి వెతుక్కుంటుంది, చేతులు చీకుతుంది. మొహం తిప్పుకుని వెన్ను విరిచిందంటే చాలని చెబుతున్నట్టు. ఏడ్చినప్పుడల్లా పాలే ఇవ్వకండి. కొంచెం కొంచెంగా ఇచ్చి, త్రేన్పు వచ్చేదాకా, ఆ తర్వాత కూడా కాసేపు భుజం మీద నిలువుగా ఉంచండి. పడుకోబెట్టడం మాత్రం వెల్లకిలా, తలగడ లేకుండా. ఆకుపచ్చగా కక్కినా, తాగడం మానేసినా ఆగకుండా తీసుకురండి."

"మరి నా పాలు?" అన్నాను.

"మానొద్దు. అవి బంగారంలా ఉన్నాయి" అందావిడ.

మూత తీయని డబ్బాను మా వారు తిరిగి ఇచ్చేశారు. ఒక్క రోజులో అంతా సర్దుకుందని చెప్పను. కొన్నిసార్లు ఆకలేదో మంటేదో నాకప్పటికీ తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం కొంచెం తాగించి, భుజాన వేసుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. హైవే మీద కాలేజీ బస్సుల హారన్లు. పాప గట్టిగా ఒక త్రేన్పు తీసింది. వెంటనే నా వీపు మీద వెచ్చగా ఏదో జారింది.

"పడ్డాయా అమ్మాయ్?" అంది వంటింట్లోంచి మా అమ్మ.

"పడ్డయా బిడ్డా?" అంది సోఫాలోంచి అత్తమ్మ.

ఎవరు ఏ అర్థంలో అడిగారో దేవుడికే తెలియాలి. నేను పిల్ల మొహం చూశాను. అది ఏడవలేదు. నోటి చివర పాల చుక్కతో తిరిగే ఫ్యాను వైపు చూస్తోంది.

"పడ్డాయి" అన్నాను, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ. "నా వీపు మీద."