నాయనకు చెమట పట్టని రోజు

మా నాయన రైలింజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం పోయే బండ్లలో ఆయన పని. పంతొమ్మిది వందల యాభైల్లో, నాకు ఊహ తెలిసేనాటికి ఆ పనికి ఆయన కొత్త.

మొదటి ఎండాకాలం ఇంటికొచ్చేసరికి పిక్కలు రాయిలా బిగుసుకుపోయి ఉండేవి. గడపలోనే కూలబడి వాంతి చేసుకునేవాడు. అమ్మ ఉప్పు వేసిన గంజి తాగించి కాళ్లు పిసికేది. చొక్కా మీద ఉప్పు తెల్లగా చారలు కట్టేది. మూడు వారాలకు ఆ బాధ పోయింది. చెమట మునుపటికంటే ఎక్కువే పట్టేది గానీ చారలు పలచబడ్డాయని చొక్కాలు ఉతికే అమ్మే కనిపెట్టింది.

"ఒళ్లు నేర్చుకునింది" అన్నాడు నాయన.

తరువాత మేమంతా తడిగుడ్డలు కప్పుకుని పడుకునే ఎండల్లో కూడా ఆయన పొయ్యి పక్కన కూచుని వేడి సంగటి తినేవాడు.

అరవైల్లో ఒక వేసవికి ముందు ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. నెల పైనే మంచం దిగలేదు. జ్వరం పోగానే డ్యూటీకి బయలుదేరాడు.

"ఇంకో పది దినాలు ఆగి పోకూడదా? ఎండ ఎట్ల కాలుస్తాండాదో చూడండి" అంది అమ్మ.

"పదేండ్లు నిప్పు ముందర నిలబడిన ఒళ్లు. నెలకే మర్చిపోతాదా?"

మర్చిపోయింది. ఆ రోజు జరిగింది డ్రైవరే మాకు చెప్పాడు. పెనుకొండకు ముందు ఎత్తు ఎక్కుతుంటే నాయన ఆగకుండా బొగ్గు వేస్తున్నాడు. డ్రైవరు తిరిగి చూస్తే ఆయన చొక్కా పొడిగా ఉంది.

"ఏమప్పా, చెమటే పట్టల్యా నీకు?"

"చలి పెడ్తాండాదబ్బా" అన్నాడట నాయన. ఆ మాటతోనే పార చేజారి, బొగ్గు మీద పడిపోయాడు.

పెనుకొండ స్టేషన్లో దింపి, నీడన పడుకోబెట్టి బిందెలతో నీళ్లు పోశారు. కబురంది అమ్మా నేనూ ధర్మవరం నుంచి తరువాతి బండికి పోయేసరికి ఆయన చచ్చిపోయిన మా అవ్వతో ఏదో మాట్లాడుతున్నాడు. నుదురు ముట్టుకుంటే పెనంలా ఉంది. హిందూపురం ఆసుపత్రిలో మూడో రోజు మమ్మల్ని గుర్తుపట్టాడు.

నేను నర్సునయ్యాక ఒక డాక్టరమ్మ వివరంగా చెప్పింది. వేడికి అలవాటుపడడానికి ఒంటికి రెండు వారాలు పడుతుంది. వేడికి దూరమైతే నెల తిరక్కుండానే ఆ అలవాటు పోతుంది. జ్వరంతో చిక్కిన మనిషికి మరీ. మళ్లీ కొత్తవాడిలా కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. ఆ సంగతి నాయనకు తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆయన బతికాడు గానీ వడదెబ్బ మెదడుకు తగిలి కాళ్లకు పట్టు రాలేదు, నాలుక తడబడేది. అన్నం కలిపితే చెయ్యి వణికి సగం కింద పోయేది. ధర్మవరం బజారులో తూలుతూ నడుస్తుంటే జనం తాగినాడనుకునేవాళ్లు. ఆయన జన్మలో తాగలేదు. మొదట్లో అమ్మ ఆగి, ఒక్కొక్కరికీ చెప్పుకునేది. రెండేళ్లకు అది మానేసి, చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చుకునేది.