సర్వరుకు బొట్టు పెట్టిన ఏడు

2007లో ముప్పై రోజులు నేను ఒక సాఫ్ట్‌వేరును పరీక్షించాను. ముప్పై ఒకటో రోజున కావాలనో వద్దనో రాసి సంతకం పెట్టించుకోవాలి. ముప్పై మూడేళ్లు వనపర్తి బడిలో లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి పరీక్ష పెట్టడం నాకు కొత్త కాదు. రాసేది కంప్యూటరు కావడమే కొత్త.

సంగతి ఇది. పత్తి విత్తనం పండించే రైతుల సంఘానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులో ఆఫీసులుండేవి. ఏ రైతు విత్తనం ఏ సంచిలో ఉందో, మొలక పరీక్షలో ఎంత వచ్చిందో ఎక్కించడానికి నా పాత విద్యార్థి ఒకతను ప్రోగ్రాము రాశాడు. దాన్ని వాడే పద్ధతి చెప్పే సహాయం పేజీలు నేను రాశాను. మొత్తం నలభై ఒకటి. కంప్యూటరులో "సహాయం" అన్నచోట నొక్కితే తెరుచుకుంటాయి.

ఆ పేజీలు మూడు ఊళ్లలో మూడు నకళ్లుగా ఉండేవి. ఒకటి దిద్దితే సీడీలో వేసి బస్సులో పంపాలి. ఆగస్టులో ఎక్కించే వరుస మారింది: ముందు నమూనా నంబరు, తర్వాత సంచి నంబరు. పన్నెండో పేజీ దిద్ది పంపాను. నాగర్‌కర్నూలు సీడీ అందింది. గద్వాల సీడీ కండక్టరు సంచిలో పదకొండు రోజులు తిరిగి మా ఇంటికే వచ్చింది. ఈలోగా గద్వాల ఆపరేటరు పాత పేజీ చూసి పాత వరుసలోనే ఎక్కించింది. విత్తన కంపెనీ ఆమె జాబితాను రెండుసార్లు తిప్పి పంపింది.

ఆమెది ఇటిక్యాల దగ్గరి పల్లె. వయసు ముప్పై లోపే. తల్లిదండ్రులు పుణె వైపు వలసపోయి మట్టిపని చేసినవాళ్లు. తను పత్తి చేలల్లో విత్తనం కట్టడానికి పువ్వుకు పువ్వు అద్దే కూలికి పోతూ డిగ్రీ పూర్తి చేసింది. మూడోసారి జాబితా తిరిగొస్తే ఆ కుర్చీలో వేరొకరిని కూర్చోబెడతానని సంఘం కార్యదర్శి ఆమెకు చెప్పేశాడు.

"మీరు రాసినట్లే చేసిన మేడం," అంది ఫోనులో. "నా తప్పేందో జర చెప్పుండ్రి, దిద్దుకుంట."

ఆమె తప్పు లేదు. ఆ మాటే చెప్పాను. కార్యదర్శికి ఆ మాట చాలలేదు.

అప్పుడు నా విద్యార్థి సర్వరు సంగతి తెచ్చాడు.

"పేజీలన్నీ ఒక్కకాడనే ఉంటయి మేడం, మన వనపర్తి ఆఫీసుల. మీరు ఈడ దిద్దితే గద్వాలల గప్పుడే కనవడ్తది."

"కరెంటు పోతే?"

"బ్యాటరీ ఉంటది."

"ఫోను లైను పోతే?"

"మళ్ల వస్తది."

"దీనికి సగం మార్కే."

"బడిల గూడ గింతే మీరు," అన్నాడు. "సగం మార్కు కోసం సావగొట్టేటోళ్లు."

సర్వరు నుంచి పేజీలు చూపే సాఫ్ట్‌వేరును ముప్పై రోజులు ఊరికే వాడి చూడవచ్చని దాన్ని అమ్మేవాళ్లు ఒప్పుకున్నారు. మొదటి రోజే మూడు కంప్యూటర్లలోని పాత నకళ్లను తీసేయించాను. ఒక్కటి కూడా మిగలకూడదన్నాను. నోటు పుస్తకంలో రోజుకో గీత: సర్వరు ఎన్ని గంటలు నడిచింది, నాకు ఎన్ని ఫోన్లొచ్చాయి, ఎన్ని పేజీలు దిద్దాను. పరీక్షకు ముందు వారం పందొమ్మిది ఫోన్లు. మొదటి వారం ఆరు, రెండో వారం నాలుగు, మూడో వారం మూడు. ఏ పేజీని ఎక్కడివాళ్లు ఎన్నిసార్లు తెరిచారో కూడా సర్వరు చెప్పేది. గద్వాలలో పన్నెండో పేజీని ఒకే వారంలో ముప్పై ఒక్కసారి తెరిచారు. నేను రాసింది అన్నిసార్లు చదివినవాళ్లు బడిలో లేరు.

ఇరవై నాలుగో రోజు దసరా. పనిముట్లకు పూజ చేసి ఆపేయడం, మరునాడు ముట్టకుండా మూడో రోజు కొబ్బరికాయ కొట్టి తెరవడం వనపర్తి ఆఫీసు ఆనవాయితీ. పెద్దదాన్నని నన్ను పిలిచారు. ముప్పై మూడేళ్లు నా జామెట్రీ పెట్టెకు పెట్టినట్టే వరసగా పసుపు, కుంకుమ పెట్టాను. తూకపు యంత్రానికి, టైపు మిషనుకు, రెండు కంప్యూటర్లకు, మూలనున్న సర్వరుకు. "అన్నీ ఆపండి" అన్నది నేనే. కార్యదర్శి కొబ్బరికాయ కొట్టాడు. సర్వరు మీద ఎర్రగుడ్డ కప్పి, జమ్మి ఆకు పెట్టి ఇంటికి వచ్చాను.

మరునాడు పొద్దున తొమ్మిదింపావుకు గద్వాల నుంచి ఫోను.

"మేడం, పేజీ తెరుస్తలేదు. పేజీ దొరుకుతలేదని వస్తుంది. పన్నెండు గంటలకు కంపెనీ బండి వస్తది, లిస్టు గావాలంటుండ్రు. మేం రాత్రికే పూజ ఎత్తేసినం, ఈడ బండి ఆగది గద."

ఏమైందో తెలియడానికి నాకు క్షణం పట్టలేదు. చెప్పడానికే కొంచెం పట్టింది.

"సర్వరు ఆగి ఉంది. నేనే ఆపించాను," అన్నాను.

"ఎందుకు మేడం?"

"బొట్టు పెట్టి."

అటునుంచి, "నేను గూడ కీబోర్డుకు పెట్టిన. నవ్వొస్తుంది గని నవ్వ బుద్ధయితలేదు," అంది.

ఆఫీసు తాళంచెవి కార్యదర్శి దగ్గరుంది. ఆయన వీపనగండ్లలో అత్తగారింట్లో ఉన్నాడు, పన్నెండులోగా రాలేడు. నేను కాగితం మీద రాసుకున్న పన్నెండో పేజీ తీసి ఫోనులో చదివాను. పదహారు మెట్లు. ఒక్కో మెట్టూ ఆమె రాసుకుని, తిరిగి నాకు చదివి వినిపించింది. తొమ్మిదో మెట్టు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. పదకొండూ నలభైకి జాబితా ముగిసింది. బండి దాన్ని తీసుకుపోయింది. ఈసారి జాబితా తిరిగి రాలేదు.

ముప్పై ఒకటో రోజు కార్యదర్శి నా నోటు పుస్తకం తిప్పుతూ ఇరవై ఐదో రోజు దగ్గర ఆగాడు. అక్కడ నడిచిన గంటలు సున్నా.

"గిదేందమ్మా? నమ్ముకుంటే పండుగ పూట పడుకున్నది. గందుకే సీడీలే మంచియంటున్న. ఆ గద్వాల పిల్ల సంగతి గూడ గిప్పుడే తేల్చుకోవాలె."

పక్కనున్న నా విద్యార్థి లైను పోయిందని అనబోయాడు. చేత్తో వారించాను.

"యంత్రం పడుకోలేదు. దసరా నాడు నేను పడుకోబెట్టాను. అంకెల పక్కన మూడు గడుల్లో ఆ రోజు సంగతి రాశాను, చూడండి. పాత నకళ్లు తీయించింది కూడా నేనే. ఆ రెండు తప్పుల మధ్య ఆ అమ్మాయి జాబితా సరిగ్గా పంపింది. అది మూడో గడి."

ఆయన మూడు గడులూ చదివాడు. సర్వరుకు కొబ్బరికాయ కొట్టింది తనేనని గుర్తొచ్చి పుస్తకం మూశాడు.

"అయితే పిల్లను ఉంచుదాం," అన్నాడు చివరికి. "సర్వరు సంగతేంది మరి?"

"కావాలి" అని రాశాను. కింద రెండు షరతులు. పేజీ దిద్దిన ప్రతిసారీ పైన తేదీ వేసిన నకలు ఒకటి ఆ రోజే మూడు కంప్యూటర్లలోకీ పోవాలి. దసరాకు సర్వరును నడుస్తుండగానే పూజించాలి.

రెండో షరతు దగ్గర ఆయన కలం ఆగింది. "నడిచేదానికి పూజ ఎట్లమ్మా?"

"బొట్టు ముందువైపు పెడదాం. మీట వెనకవైపు ఉంది," అన్నాను.

సంతకం పెట్టాడు.