హద్దు దాటి చుక్క పెట్టిన ఆండాళమ్మ

ఆండాళమ్మ గారు ఇక లేరని పోయిన శుక్రవారం ఉదయం ఆమె చెల్లెలు ఫోను చేసి చెప్పారు. "గుండెల్లో పట్టేసినట్టుండాదని కూర్చునింది నాయనా, మళ్లా లెయ్యలేదు" అన్నారు. రెండు రోజుల క్రితమే అదే ఫోనులో నన్ను చీవాట్లు పెట్టిన మనిషి. ఆ సాయంత్రం మా ఆఫీసులో సంతాప సభ జరిగింది. ఆమె నిరుపమాన సేవలను గద్గద కంఠంతో కొనియాడిన పెద్దల్లో సగం మంది, ఆమె గీసిన పటాన్ని ఉన్నదున్నట్టు అచ్చుకు పోనీయనివారే. దుఃఖంతో తల దించుకోవలసిన చోట నేను విసుగుతో పళ్లు కొరుకుతూ కూర్చున్నాను. సభలో ఎవరూ చెప్పనివి చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

తిరుపతిలో తరతరాలుగా ఆలయ సేవలో ఉన్న వైష్ణవ కుటుంబంలో ఆమె పుట్టారు. పటాలు గీసే పని నేర్చి సర్కారు కొలువులో చేరారు. రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో, చిత్తూరులోని మా ప్రాజెక్టు ఆఫీసుకు వచ్చారు. హెచ్ఐవి రక్తపరీక్ష ఎక్కడ చేస్తారు, సలహా చెప్పేవారు ఎక్కడుంటారు, కండోములు ఎక్కడ దొరుకుతాయి, ఇవన్నీ ఒక్క పటంలో చూపడం మా పని. అది చూసి, సేవ అందని చోట కొత్త కేంద్రాలు పెట్టాలన్నది సంకల్పం. ఆ వ్యాధి పేరు ఉచ్చరించడమే అపచారమనుకునే రోజులవి. "పెళ్లి కాని ఆడదానివి, నీకెందుకమ్మా ఈ పని?" అని బంధువు ఒకాయన అడిగితే, "పెళ్లయినోళ్లకు కూడా వస్తా ఉండాది గదా మామా, అందుకని" అన్నారట.

నేను ఆమెకు సహాయకుణ్ణి. చేరిన నెలలోనే ఒక కేంద్రం గురించి ఫోనులో కనుక్కుని పటంలో చుక్క పెట్టేశాను.

"ఆడికి పోయినావా మునిరత్నం?"

"లేదు మేడం. ఉండాదని పైఆఫీసులో చెప్పినారు."

ఆమె రబ్బరు తీసుకుని ఆ చుక్కను చెరిపేసి నన్ను బస్సెక్కించారు. పోయి చూస్తే గదికి తాళం, తాళానికి సాలెగూడు. పక్క కొట్టాయన, "ఎప్పుడో ఒగ తూరి ఎవురో వస్తారప్పా, ఏ దినమో తెల్దు" అన్నాడు. తిరిగొచ్చి చెబితే ఆమె నన్ను మెచ్చుకోనూ లేదు, ఓదార్చనూ లేదు. "నీ చుక్కను నమ్మి ఎవురన్నా కూలి మానుకుని పోయింటే?" అన్నారు. ఆమెతో పనిచేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. మూడుసార్లు బదిలీకి అర్జీ రాసుకుని మూడుసార్లూ చించేశాను.

పటం దాదాపు పూర్తయిన దశలో, సత్యవేడు వైపు ఒక పల్లె బస్టాపులో మాకు ఒక గర్భిణి కనిపించింది. పేరు మార్చి చెంగమ్మ అంటాను. ఆమె భర్త చెన్నై రోడ్డు మీద లారీ డ్రైవరు, అప్పటికే మంచం పట్టాడు. ఆమెకు రక్తపరీక్ష చేయించాలని నర్సు చీటీ రాసిచ్చింది.

"తిరుపతికి రెండు తూర్లు పోయినానక్కా," అంది చెంగమ్మ. "ఒగ తూరి మూసేసినారు. ఒగ తూరి రేపు రమ్మనిరి. రేపంటే యాడ పండుకునేది?"

"తడకు పోరాదా? అరగంటలో పోతావే."

"తడలో ఉండాదని నాకెవురు సెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. తడ అప్పట్లో పక్క జిల్లాలోది. మా చీటీల్లో మా జిల్లా కేంద్రాల పేర్లే ఉంటాయి. ఆండాళమ్మ గారు అప్పటికప్పుడు ఆమెను తడకు తీసుకుపోయారు. వ్యాధి ఉందని తేలింది. కాన్పు సమయంలో తల్లికీ బిడ్డకూ మందు పడింది. పద్దెనిమిది నెలలు ఆగి చేసిన పరీక్షలో బిడ్డకు జబ్బు సోకలేదని తెలిసింది. ఆ వార్త చెబుతూ నేను నవ్వితే ఆమె నవ్వలేదు. "ఒగామెను చెయ్యి పట్టుకుని పిల్చుకపోయినా. అందర్నీ నేనే పిల్చుకపోతానా మునిరత్నం?"

చెంగమ్మను కలిసిన మరుసటి వారమే పటం మీద సమావేశం జరిగింది. హద్దుకు ఆవల తడ దగ్గర ఆమె పెట్టిన చుక్కను అధికారి పెన్సిలుతో పొడిచి, "ఇది మన జిల్లా కాదు గదమ్మా, తెల్లగా వదిలేయండి" అన్నారు.

"సత్యవేడు ఆడామె జిల్లా చూసి బస్సెక్కదు సార్. దగ్గర చూసి ఎక్కుతుంది."

"వాళ్ల కేంద్రం మన లెక్కలోకి ఎట్లా వస్తుంది?"

"లెక్కలోకి వద్దు సార్. పటంలోకి రానీండి."

రానీయలేదు. హద్దు దగ్గర రంగులు ఆగిపోయి, అవతల శూన్యంగా అచ్చయింది పటం. తడ చెరువులో మునిగిపోయిందేమో అనిపించేటట్టు.

ఆమె వాదించడం మానేశారు. సత్యవేడు, వరదయ్యపాళెం వైపు పంచవలసిన ప్రతులన్నిటినీ ముందరేసుకుని, ఒక్కొక్కదానిలో ఎర్ర సిరాతో తడ చుక్క పెట్టి, పక్కన కేంద్రం తెరిచే వేళలూ బస్సు వేళలూ రాశారు. ఆ పల్లెల నర్సుల చేతికి స్వయంగా ఇచ్చి వచ్చారు. అచ్చయిన పటాన్ని పాడుచేసినందుకు సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. "పటం తప్పుగా ఉండినందున సరిచేసినాను" అని ఒక్క వాక్యం రాసిచ్చి, ఆ ఏడే పదవీ విరమణ చేశారు. ఆ తర్వాత కూడా బస్సు వేళలు మారినప్పుడల్లా నర్సులు ఆమెకే ఫోను చేసేవారు. ఆమె నాకు చేసి, "పటాల్లో ఇంకా మార్చలేదా?" అని తిట్టేవారు. చివరిసారి తిట్టింది కూడా అందుకే.

అలసత్వాన్ని ఓర్పు అని పిలుచుకునే మా మధ్య, ఓర్చుకోవడం చేతకాని ఆ ధన్యజీవికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

సంతాప సభ ముగిసిన మర్నాడు వరదయ్యపాళెం వైపు నర్సు ఒకామె ఫోను చేసింది. "సార్, తడలో ఆ సెంటరును వేరే సందులోకి మార్చినారంట. అక్క ఫోను ఎత్తలేదు."

అక్క పోయిందని చెప్పాను.

"అట్లయితే ఇట్లాంటివి ఇంక ఎవురికి సెప్పాల సార్?"

మా ఆఫీసులో ఇన్ని పదవులున్నాయి. ఆ ప్రశ్నకు నేను ఒక్క పేరూ చెప్పలేకపోయాను.